ఆవిరి ఇంజన్ల సందర్శన దినానికి బడిపిల్లలను తీసుకెళ్ళాలి: ఎక్కడికి వెళ్ళాలి, ఏం చూపించాలి?

గుత్తి నుండి, భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు:

అందరికీ నమస్కారం. గుత్తికి దగ్గర్లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను భౌతికశాస్త్రం చెబుతున్నాను. మా తొమ్మిదో తరగతిలో 38 మంది పిల్లలున్నారు. ఈ చుట్టుపక్కల ఊళ్ళ సంగతి మీకు తెలిసిందే కదా, వీళ్ళలో చాలామంది ఇళ్ళల్లో జేజినాయనో, పెదనాయనో, మేనమామో ఒకప్పుడు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గానో, ఫైర్‌మన్‌గానో, గార్డుగానో పనిచేసినవారే. అయినా ఈ పిల్లల్లో ఒక్కరు కూడా నిప్పు రాజుకొని ఉన్న ఆవిరి ఇంజనును కళ్ళతో చూడలేదు. మన దేశంలో బ్రాడ్ గేజి మీద, అంటే వెడల్పు పట్టాల మీద, రోజువారీగా నడిచే చివరి ఆవిరి బండి 1995 డిసెంబరులోనే ఆగిపోయింది; వీళ్ళు పుట్టింది ఆ తర్వాత చాలా ఏళ్ళకు.

గత నెలలో నీరు మరిగి ఆవిరయ్యే పాఠం చెబుతూ, మామూలు గాలి ఒత్తిడి దగ్గర నీరు ఆవిరైతే దానికి దాదాపు 1,600 రెట్లు ఎక్కువ చోటు కావలసి వస్తుందని, ఆ చోటు దొరకనప్పుడు అది గోడలను నెట్టే బలంతోనే ఒకప్పుడు రైళ్ళు నడిచాయని చెప్పాను. ఒక అమ్మాయి లేచి, "అంత బలముంటే మా ఇంట్లో కుక్కరు ఎందుకు కదలదు సార్?" అని అడిగింది. నల్లబల్ల మీద సిలిండరు, పిస్టను గీసి చూపించాను. ఆ అమ్మాయి తల ఊపి కూర్చుంది గానీ, అర్థమై ఊపిన ఊపు కాదది, నా మాట కాదనలేక ఊపింది. అప్పటి నుండి ఈ పిల్లలను పనిచేసే ఇంజను దగ్గరికి తీసుకెళ్ళాలన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినం సందర్భంగానూ, ఇతర సమయాల్లోనూ కొన్నిచోట్ల పాత ఇంజన్లను జనం చూడడానికి ఉంచుతారని తెలుసు. అయితే ఇదివరకు పనిచేసిన బడి నుండి ఒకసారి అలాంటి ప్రదర్శనకే పిల్లలను తీసుకెళ్ళి నేను నిరాశపడ్డాను. కొత్తగా రంగు వేసి, పూలదండ వేసిన ఇంజను ముందు పిల్లలను వరుసగా నిలబెట్టి ఫోటో తీయించారు, ఒక్కొక్కరికి ఒక బిస్కెట్ పొట్లం ఇచ్చారు, ఇరవై నిమిషాల్లో బయటికి పంపారు. ఇంజను లోపల ఏముంటుందో చెప్పేవారు అక్కడ ఒక్కరూ లేరు. మూడు గంటలు బస్సులో ప్రయాణించి వచ్చిన పిల్లలు ఆ ఇంజను రంగు తప్ప మరేమీ గుర్తుంచుకోలేదు.

అందుకే అనుభవమున్న వారిని అడుగుతున్నాను. మైసూరు రైలు మ్యూజియానికి వెళ్ళడం మంచిదా, ఊటీ కొండ రైలు దగ్గరికి వెళ్ళడం మంచిదా? వెళ్ళాక పిల్లలు ఏం గమనించాలి, ఎవరిని ఏమని అడగాలి? బయలుదేరే ముందు తరగతిలో ఏం చెప్పి సిద్ధం చేయాలి? ఖర్చు దాతలు కొంత, నేను కొంత భరిస్తాం. కానీ రెండోసారి తీసుకెళ్ళే అవకాశం ఈ పిల్లలకు రాకపోవచ్చు, కాబట్టి ఈ ఒక్క ప్రయాణం వృథా కాకూడదు.

గుంతకల్లు నుండి, పదవీ విరమణ చేసిన లోకో డ్రైవరు:

అయ్యవారికి నమస్కారం. నేను 1974లో గుంతకల్లు మీటర్ గేజి (పట్టాల నడుమ మీటరు దూరముండే చిన్న మార్గం) షెడ్డులో ఇంజన్లు తుడిచే క్లీనరుగా చేరి, సెకండ్ ఫైర్‌మన్‌గా, ఫస్ట్ ఫైర్‌మన్‌గా ప్రయాణికుల బండ్లు లాగే వైపీ, గూడ్సు బండ్లు లాగే వైజీ ఇంజన్ల మీద చాలా ఏళ్ళు బొగ్గు వేసి, ఆ తర్వాత డీజిల్‌కు మారి డ్రైవరుగా విరమించాను. మీ విద్యార్థిని అడిగిన ప్రశ్న చాలా మంచిది, దానితోనే మొదలుపెడతాను. కుక్కరు కదలకపోవడానికి కారణం ఆవిరి వెళ్ళే దారి. కుక్కరులో ఆవిరి విజిల్ గుండా గాలిలోకి పోతుంది, ఇంజనులో అదే ఆవిరి పిస్టను వెనక్కి పోతుంది. ఇక బలం సంగతికి వస్తే, ఇంట్లో కుక్కరు లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఎక్కువ. వైపీ ఇంజను బాయిలరు చదరపు అంగుళానికి 210 పౌండ్ల ఒత్తిడి మీద పనిచేసేది, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 15 కిలోలు. ఆ ఒత్తిడి దగ్గర నీరు 100 డిగ్రీలకు మరగదు, 200 డిగ్రీల దగ్గర మరుగుతుంది.

మీరు చెప్పిన పూలదండ ఇంజను చల్లారిన పొయ్యి లాంటిది. పొయ్యి చూసినంత మాత్రాన వంట తెలియదు. అందువల్ల ఎక్కడికి వెళ్ళినా సరే, ఇంజనుకు నిప్పు పెట్టే వేళకు పిల్లలు అక్కడ ఉండేలా చూడండి. ప్రదర్శన పది గంటలకైతే పది గంటలకు వెళ్ళినవారు సగం కూడా చూడనట్లే. చల్లగా ఉన్న ఇంజనును పనికి సిద్ధం చేయడానికి మాకు ఆరు నుండి ఎనిమిది గంటలు పట్టేది. నిప్పు తొందరగా రాజదని కాదు. ఇనుము అన్ని వైపులా ఒకే తీరుగా వేడెక్కి సాగాలి, తొందరపడి మంట పెంచితే నిప్పుపెట్టెకు దగ్గర ఉన్న చోటు ముందు సాగి, దూరంగా ఉన్న చోటు బిగుసుకొని, గొట్టాల కొసల దగ్గర నీరు కారడం మొదలవుతుంది. అందుకే నూనెలో తడిపిన కాటన్ వేస్టు, కట్టెలు ముందు అంటించి, అవి బాగా పట్టుకున్నాక పిడికెడు పిడికెడుగా బొగ్గు చల్లేవాళ్ళం. తెల్లవారుజామున షెడ్డులో ఆ బాయిలరు మొదట చిటచిట శబ్దం చేసి, తర్వాత సన్నగా కూయడం మొదలుపెడుతుంది. అది ఒక్కసారి విన్న పిల్లలు మరిచిపోరు.

ఇక పిల్లలు తప్పకుండా చూడవలసినది గేజ్ గ్లాస్. డ్రైవరు నిలబడే చోట కళ్ళకెదురుగా ఉండే గాజు గొట్టం అది, బాయిలరులో నీరు ఎంత ఎత్తున ఉందో చూపిస్తుంది. డ్యూటీ ఎక్కగానే మేము చేసే మొదటి పని దాన్ని పరీక్షించడమే, మంట సంగతి తర్వాత. నిప్పుపెట్టె పైకప్పు ఎప్పుడూ నీటిలో మునిగి ఉండాలి. నీరు తగ్గి ఆ రేకు బయటపడిందంటే కింది మంటకు అది మెత్తబడుతుంది, మెత్తబడితే ఆవిరి దాన్ని కిందికి చీల్చుకొని వస్తుంది, ఆ తర్వాత ఇంజను మీద ఎవరూ మిగలరు. దానికి కాపలాగా పైకప్పులో సీసం నింపిన ఒక మర ఉంటుంది. నీరు తగ్గితే ముందు ఆ సీసం కరిగి, ఆవిరి నిప్పు మీదికి దూకి మమ్మల్ని హెచ్చరిస్తుంది. మీ విద్యార్థినికి ఇంట్లో కుక్కరు మూత చూడమని చెప్పండి. విజిల్ పక్కన చిన్న బిళ్ళలా ఒక సేఫ్టీ వాల్వు ఉంటుంది. అది చేసేదీ ఈ పనే. నా ఉద్యోగంలో సీసం మర కరిగిన రోజు ఒక్కటి కూడా లేదు, ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వం.

బండి కదిలేటప్పుడు సిలిండర్ల కింద నుండి రెండు పక్కలా బుస్సుమని ఆవిరి చిమ్ముతుంది కదా, చూసేవాళ్ళు అది ఆర్భాటమనుకుంటారు. ఆగి ఉన్న ఇంజను సిలిండరులో ఆవిరి చల్లారి నీరవుతుంది, ఆవిరిని నొక్కితే నలుగుతుంది గానీ నీరు నలగదు, పిస్టను దాన్ని గుద్దితే సిలిండరు మూత పగిలిపోతుంది. అందుకని సిలిండరు కింది కుళాయిలు తెరిచి ఆ నీటిని బయటికి పంపిస్తాం. పొగ గురించి కూడా చెప్పండి. సినిమాల్లో కనిపించే నల్లటి పొగ మంచి ఫైర్‌మన్ పని కాదు, కాలకుండా పోతున్న బొగ్గు అది. పలచటి బూడిద రంగు పొగ వచ్చేలా, తక్కువ తక్కువగా, తరచుగా బొగ్గు వేయడమే పనితనం.

మరొక మాట. మన అనంతపురం జిల్లా నీళ్ళు ఎంత కఠినమో మీకు తెలుసు, కాచుకునే గిన్నె అడుగున నెలకే తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు బాయిలరు గొట్టాల మీద కూడా కట్టేది. వేడి నీటికి చేరక గొట్టాలు చెడిపోయేవి, కాబట్టి కొన్ని రోజులకొకసారి ఇంజనును చల్లార్చి, మరలు విప్పి, నీటి ధారతో లోపలంతా కడగవలసి వచ్చేది. ఈ పని ఎవరైనా చూపిస్తామంటే, బండి ఎక్కడం మానుకొని అయినా సరే, అది చూడండి.

లీడ్స్ నుండి, కడపవాసి:

పెద్దాయన రాసినది రెండుసార్లు చదివాను. నేను ఉద్యోగరీత్యా ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉంటున్నాను. ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియం వారి ఫెయిరీ క్వీన్, చెన్నైలో నడిపి చూపించే ఈఐఆర్ 21, ఈ రెండు ఇంజన్లూ 1855లో తయారైంది ఈ ఊళ్ళోనే. చిన్నప్పుడు కడప స్టేషనులో బొంబాయి మెయిలు చూస్తూ పెరిగిన నాకు, ఇక్కడికి వచ్చాక ఆ సంగతి తెలిసి ఈ విషయం మీద ఆసక్తి పెరిగింది.

ఇక్కడ సందర్శన దినాలు ఎలా జరుగుతాయో చెబితే మీకు కొంత ఉపయోగపడుతుంది. ఈ దేశంలో మూసేసిన రైలు మార్గాలను స్వచ్ఛందంగా పనిచేసే స్థానికులు చేతిలోకి తీసుకొని నడుపుతారు. వేల్స్‌లోని టాలిలిన్ రైలు మార్గం 1951లో ఇలా మొదలైంది, ప్రపంచంలో స్వచ్ఛంద కార్యకర్తలు నడిపిన మొదటి రైలు మార్గం అదే. మా ఇంటికి దగ్గరలో కీత్లీ నుండి ఆక్సెన్‌హోప్ వరకు ఐదు మైళ్ళ మార్గం ఉంది. 1962లో మూతపడి, 1968లో ఇలాంటి కార్యకర్తల చేతుల మీదుగా తిరిగి తెరుచుకుంది. ఉద్యోగాలు చేసుకునేవారు, విరమించినవారు, కాలేజీ పిల్లలు వారాంతాల్లో వచ్చి జీతం లేకుండా పనిచేస్తారు. ఇక్కడ కూడా ఎవరైనా మొదట ఇంజన్లు తుడవాలి, ఆ తర్వాత ఏళ్ళు గడిస్తేగానీ ఫైర్‌మన్ కాలేరు. గుంతకల్లు షెడ్డులో ఉన్న వరుసే ఇక్కడా ఉందని పెద్దాయన రాసింది చదివాకే గమనించాను.

1994 నుండి ఇంగ్లండు అంతటా ఏటా సెప్టెంబరులో వారసత్వ సందర్శన దినాలు జరుగుతున్నాయి, ఆ రోజుల్లో మామూలుగా మూసి ఉండే చోట్లను రుసుము లేకుండా తెరుస్తారు. వీటిలో నాకు ఎక్కువ నచ్చేది ఇంజన్లు బాగుచేసే షెడ్డు. నడుస్తున్న ఇంజనును ఏ ఆదివారమైనా టికెట్టు కొని చూడవచ్చు. ఊడదీసి పరిచిన బాయిలరును మాత్రం ఇలాంటి రోజునే చూడగలం. బాయిలరును దాదాపు పదేళ్ళకొకసారి పూర్తిగా విప్పి పరీక్షించాలన్న నియమం ఇక్కడ ఉంది, కాబట్టి ప్రతి షెడ్డులోనూ ఏదో ఒకటి విప్పి ఉంటుంది. గొట్టాలన్నీ లాగేసిన బాయిలరు ఒక కొస నుండి రెండో కొసకు చూస్తే తేనెపట్టులా కనిపిస్తుంది, మంట ఎటు పోతుంది, నీరు ఎక్కడ నిలుస్తుంది అన్నది ఎనిమిదేళ్ళ మా అబ్బాయికి కూడా ఒక్క చూపుతో అర్థమైంది. అంతకుముందు యార్క్ జాతీయ రైల్వే మ్యూజియంలో పొడవునా కోసి లోపలి భాగాలు కనిపించేలా ఉంచిన ఇంజను చూపించాను, అదీ బాగా ఉపయోగపడింది. కానీ వాడు ప్రశ్నలు అడిగింది మాత్రం షెడ్డులోనే, ఎందుకంటే అక్కడ జవాబు చెప్పే మనిషి మసి చేతులతో ఎదురుగా నిలబడి ఉన్నాడు.

అయ్యవారూ, మీరు నిరాశపడిన ఆ ప్రదర్శనలో లోటు ఇంజనుది కాదని నా అభిప్రాయం, పక్కన చెప్పే మనిషి లేకపోవడమే లోటు. ఇక్కడి నిర్వాహకులు ఒక్కో చోట ఒక్కో మనిషిని నిలబెడతారు. సిగ్నల్ క్యాబిన్‌లో ఒకరు మీట లాగి చూపిస్తారు, పిల్లల చేత కూడా లాగిస్తారు. షెడ్డులో ఒకరు పార ఇచ్చి, బొగ్గును తలుపులోంచి లోపలి మూలకు పడేలా విసరమంటారు. పది మందికి మించకుండా గుంపులు చేస్తారు. మీ 38 మందిని నాలుగు గుంపులు చేయండి, ఒక్కో గుంపుకు ఒక్కో పని అప్పగించండి. ఒక గుంపు నీటి దారిని, ఒకటి మంట దారిని, ఒకటి ఆవిరి దారిని, ఒకటి పిస్టను నుండి చక్రం దాకా కదలికను అనుసరించి గీసుకురావాలి. తిరుగు ప్రయాణంలో నాలుగు బొమ్మలూ కలిపితే ఇంజను మొత్తం వస్తుంది.

జాగ్రత్తల విషయంలో మొహమాటపడవద్దు. పిల్లలకు నూలు బట్టలే వేయించండి, నైలాను వేడికి ఒంటికి అతుక్కుంటుంది. కాళ్ళకు చెప్పులు వద్దు, బూట్లు ఉండాలి. ఆగి ఉన్న ఇంజను పైన రంగు చల్లగా కనిపించినా గొట్టాలు కాలుతుంటాయి. ఎవరూ చెప్పకుండా పట్టాలు దాటకూడదు.

కర్నూలు నుండి, ఇద్దరు పిల్లల తల్లి:

మైసూరా, ఊటీయా అని అడిగారు కాబట్టి రెండు చోట్లకూ పిల్లలతో వెళ్ళిన అనుభవంతో రాస్తున్నాను. మైసూరు మ్యూజియం 1979లో మొదలైంది, స్టేషనుకు దగ్గరే, గుంతకల్లు నుండి హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారాక మైసూరులో దిగవచ్చు. మైసూరు రాజకుటుంబం వాడిన పెట్టెలు, చిన్నా పెద్దా ఇంజన్లు ఉన్నాయి, పిల్లలు ఎక్కి చూడవచ్చు. కానీ అవి నిలిచిపోయిన ఇంజన్లు. మీకు కావలసినది నిప్పు ఉన్న ఇంజను అయితే నీలగిరి కొండ రైలుకే వెళ్ళండి.

మన పెద్దాయన పనిచేసిన మార్గాల్లాగే అది కూడా మీటర్ గేజిదే. మేట్టుపాళయం నుండి ఊటీ దాకా 46 కిలోమీటర్లు, పైకి ఎక్కడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కల్లార్ నుండి కూనూరు దాకా ఎత్తు మరీ ఎక్కువ, దాదాపు 12 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి ఎక్కాలి. మామూలు చక్రాలు అక్కడ జారిపోతాయి, కాబట్టి పట్టాల నడుమ పళ్ళున్న ఇనుప పట్టీలు పరిచి, ఇంజను కింద ఉన్న పళ్ళ చక్రం వాటిని పట్టుకొని ఎక్కేలా చేశారు. ఇంజనుకు నాలుగు సిలిండర్లు, రెండు మామూలు చక్రాలకు, రెండు పళ్ళ చక్రాలకు. మొదటి రెండింటిలో పనిచేసిన ఆవిరినే రెండో జత మళ్ళీ వాడుకుంటుంది. ఇంజను పెట్టెలను లాగదు, వెనుక ఉండి నెడుతుంది, అందుకని లంకె తెగినా పెట్టెలు వెనక్కి దొర్లే భయం లేదు. దారిలో నీటి కోసం ఆగినప్పుడల్లా దిగి ఇంజను దగ్గరికి వెళ్ళవచ్చు, మా పెద్దవాడు ఆగిన ప్రతిచోటా దిగాడు.

తెలుసుకోవలసిన ఇబ్బందులు కూడా ఉన్నాయి. ఆవిరి ఇంజను కూనూరు దాకానే, అక్కడి నుండి ఊటీకి డీజిల్ ఇంజను లాగుతుంది. కొన్ని ఇంజన్లను బొగ్గు నుండి నూనెకు మార్చారు, బొగ్గు వేయడం చూపించాలంటే ఆ రోజు ఏ ఇంజను వస్తుందో ముందుగా కనుక్కోవాలి. సీట్లు చాలా తక్కువ, 38 మందికి ఒకే బండిలో దొరకడం కష్టం, చాలా నెలల ముందే ప్రయత్నించాలి. దసరా సెలవుల్లో అసలు వెళ్ళవద్దు. ఈశాన్య రుతుపవనాలకు కొండచరియలు విరిగిపడి ఆ మార్గాన్ని వారాల తరబడి మూసేసిన సందర్భాలున్నాయి. ఏప్రిల్‌లో మీకు పరీక్షలు, కాబట్టి జనవరి చివర, ఫిబ్రవరి అయితే మేలని నాకనిపిస్తుంది. బండిలో సీట్లు దొరకకపోయినా నిరాశపడకండి. ఇంజన్ల షెడ్డు కూనూరులో ఉంది, ఆ మార్గం సేలం డివిజను కిందికి వస్తుంది, పాఠశాల తరఫున వారికి ముందుగా ఉత్తరం రాసి షెడ్డు చూడడానికి అనుమతి అడగండి.

నంద్యాల నుండి, రైళ్ళ అభిమాని:

దూరం వెళ్ళే ముందు దగ్గరున్నవి కూడా చూపించండి అయ్యవారూ. మీ గుత్తి మీదుగా వెళ్ళే బొంబాయి-మద్రాసు మార్గం 1871లో రాయచూరు దగ్గర రెండు కంపెనీల పట్టాలు కలిసినప్పటిది, ఆ రోజు దాటి 150 ఏళ్ళు గడిచాయి. గుంతకల్లులో ఐదు వైపుల నుండి మార్గాలు వచ్చి కలుస్తాయి. వాటిలో నంద్యాల, బళ్ళారి, ధర్మవరం వైపు పోయేవి ఒకప్పుడు మీటర్ గేజివి. మా నంద్యాల దాటి గాజులపల్లె నుండి దిగువమెట్ట దాకా రైలు నల్లమల గుండా వెళ్తుంది. గేజి మార్చినప్పుడు అక్కడి పాత దొరబావి వంతెనను వదిలేశారు. అడవిలోకి అనుమతి లేకుండా పోకూడదు గానీ, ఆ మార్గంలో ఒక్కసారి పగటి బండిలో కూర్చోబెడితే, ఆ కొండల్లో చిన్న పట్టాల మీద బొగ్గు ఇంజను ఎలా ఎక్కిందో పిల్లలు ఊహించుకోగలరు. టికెట్టు ఖర్చు కూడా తక్కువ.

గుత్తి నుండి, భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు:

ఇంత శ్రద్ధగా రాసిన మీ అందరికీ నా నమస్కారాలు. కుక్కరు జవాబును నిన్ననే తరగతిలో చదివి వినిపించాను. ఈ రోజు పొద్దున ఆ అమ్మాయి, ఇంట్లో అడిగి, కుక్కరు మూతను సంచిలో పెట్టుకొని బడికి తెచ్చింది. సేఫ్టీ వాల్వును అందరూ చేతిలోకి తీసుకొని చూశారు. "నీళ్ళు పొయ్యడం మరిచిపోయి మా అమ్మ ఒకసారి దీన్ని పాడుచేసింది సార్" అని ఇంకో పిల్లవాడు చెప్పాడు. అంటే గేజ్ గ్లాస్ ఎందుకో నేను చెప్పకముందే వాడికి తెలుసన్నమాట.

మీ మాటలను బట్టి ఇలా నిర్ణయించుకున్నాను. మైసూరు మానుకుంటాం. ఫిబ్రవరిలో కూనూరుకు వెళ్తాం, బండి ఎక్కే సీట్లు ఎన్ని దొరికితే అన్ని, దొరకని పిల్లలు రోడ్డు మీద కూనూరు చేరి షెడ్డు దగ్గర కలుస్తారు. షెడ్డు మాత్రం అందరూ చూస్తారు. సేలం డివిజనుకు రాయవలసిన ఉత్తరం మా ప్రధానోపాధ్యాయుల సంతకంతో ఈ వారంలోనే పంపుతాను, ఇంజనుకు నిప్పు పెట్టే వేళకు లోపలికి రానివ్వమని అందులో ప్రత్యేకంగా అడుగుతాను. కడప సోదరుడు చెప్పిన నాలుగు గుంపుల పద్ధతి చాలా బాగుంది, గుంపులను పిల్లలే నిన్న సాయంత్రం ఎంచుకున్నారు. అందరూ మంట దారినే అడిగారు, చీట్లు వేయవలసి వచ్చింది.

ఒక మనవి మిగిలింది. గుంతకల్లు పెద్దాయనగారు, ఆరోగ్యం సహకరిస్తే, బయలుదేరే ముందు ఒక శనివారం మా బడికి రాగలరా? బండి ఛార్జీలు, భోజనం మేము చూసుకుంటాం. పిల్లల ఇళ్ళల్లో ఉన్న పాత రైల్వేవాళ్ళను కూడా ఆ రోజు రమ్మని పిలుస్తాను. రంగు వేసిన ఇంజను పక్కన ఆ రోజు లేని మనిషి, ఈసారి ఇంజను కంటే ముందే పిల్లలకు కనిపించాలని నా కోరిక.

గుంతకల్లు నుండి, పదవీ విరమణ చేసిన లోకో డ్రైవరు:

తప్పకుండా వస్తాను అయ్యవారూ, ఛార్జీలు అవసరం లేదు, నాకు రైల్వే పాసు ఉంది. నాతో పాటు ఫైర్‌మన్‌గా చేసిన ఇద్దరు ఇంకా పాత గుంతకల్లులో ఉన్నారు. ఒకరికి చూపు తగ్గింది గానీ గొంతు బాగానే ఉంది, బాయిలరులోకి నీటిని నెట్టే ఇంజెక్టరు శబ్దం నోటితో చేసి వినిపించగలడు. నా దగ్గర బొగ్గు పార ఒకటి, గేజ్ గ్లాస్ చూసుకోవడానికి వాడిన చేతిదీపం ఒకటి ఉన్నాయి. పార బరువు పిల్లలకు తెలియాలి కాబట్టి దాన్ని తెస్తాను. మీరు బడి ఆవరణలో నిప్పుపెట్టె తలుపు వెడల్పున, అంటే మూరెడు వెడల్పు ఉండేలా, ఒక అట్టపెట్టెకు కంత చేయించి, దాని వెనక రెండు బారల దూరాన నేల మీద సున్నంతో నాలుగు మూలలు గీయించి ఉంచండి. బొగ్గు బదులు కంకర చాలు. తలుపు అంచుకు తగలకుండా వెనక మూలలో పడేలా ఎవరు విసురుతారో చూద్దాం.